నోటీసు బోర్డు మీద మోచెయ్యి

కొన్నేళ్ళ కిందట ఖతార్‌లో మా తెలుగువాళ్ళ సంఘం ఒక సావనీరు వేసింది. ప్రకటనల మధ్య ఒక పేజీ ఖాళీ మిగిలితే నన్నొక హాస్యపు ముక్క రాసివ్వమన్నారు. రాసిచ్చాను. మా క్యాంపులో ఉండిన ఒక కెన్యా మనిషి అంతరిక్షం గురించి గొప్పలు చెప్పడం, మేమంతా కలిసి అతనికి రాకెట్ అని పేరు పెట్టడం, అతను ఆ పేరుకు పలకడం అందులో సంగతి. జనం బాగా నవ్వారు. ఒకాయన భోజనాల దగ్గర నా భుజం తట్టి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ పులిహోర వడ్డించుకున్నాడు.

ఆ ముక్కలో నేను రాయని వాక్యం ఒకటుంది. అతను చెప్పినదంతా నిజం. అది నిజమని ఆ క్యాంపులో అతను కాక తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. రుజువు అప్పట్లో నా టేబుల్ సొరుగులో ఉండేది. దాన్ని కత్తెరతో కోసిందీ నేనే. ఆ వాక్యాన్ని దాని చోట పెట్టడానికే ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. ఒకసారి పేరు పెట్టి చేసిన నిర్వాకం చాలు.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. చమురు ధర పెరిగినకొద్దీ దోహాలో అంతస్తులు పెరిగే కాలం. ఇరవై అంతస్తులని మొదలైన బిల్డింగు, పక్కవాడు పాతిక వేస్తున్నాడని తెలిసి ముప్పైకి పోయేది. సముద్రం ఒడ్డంతా క్రేన్లు పంక్తి భోజనంలో చేతులు చాపినట్టు నిలబడి ఉండేవి. ఆ చలికాలం నగరంలో పెద్ద ఆటల పోటీలు జరుగుతున్నాయి గనుక రోడ్లన్నీ కడిగి తుడిచినట్టుండేవి. మేము మాత్రం ఇండస్ట్రియల్ ఏరియాలో, ఏ టీవీ కెమెరా తొంగిచూడని సందులో, గదికి ఎనిమిదిమంది చొప్పున ఉండేవాళ్ళం. మా అమ్మకు ఇవేవీ పట్టవు. ఆమె లెక్కలో నేను దుబాయ్‌లో ఉన్నాను.

నా ఉద్యోగం టైమ్ కీపర్. ఎవడు ఎన్నింటికి డ్యూటీ ఎక్కాడు, ఎన్నింటికి దిగాడు అని రాసుకోవడం. పావుగంట ఆలస్యమైతే ఎర్ర సిరాతో చుక్క పెట్టడం. జగిత్యాలలో డిగ్రీ ఫెయిలై వచ్చినవాడికి ఇంతకంటే అధికారం ప్రపంచంలో ఎక్కడా దొరకదు. పైగా సైటు ఆఫీసుకు వచ్చే ఇంగ్లీషు పేపరు సాయంత్రానికి నాది. శుక్రవారం మధ్యాహ్నం మెస్‌లో కూర్చుని ఆ వారం వార్తలన్నీ తెలుగులో వినిపించేవాణ్ని. నచ్చినవి పెంచి, నచ్చనివి మింగి, రెండు జోకులు కలిపి చెప్పేవాణ్ని. నలభైమంది నోళ్ళు తెరుచుకుని వింటుంటే నాకు తినకుండానే కడుపు నిండేది.

కెన్యా మనిషి మొంబాసా రేవులో పనిచేసి వచ్చినవాడు. ముప్పై ఆరు, ముప్పై ఏడేళ్ళుంటాయి. మా సైటులో బ్యాంక్స్‌మన్. టవర్ క్రేన్ కేబిన్లో కూర్చున్న ఆపరేటరుకు కింద జరిగేది సగం కనబడదు. కింద నిలబడి, వాకీటాకీలో ఎత్తు, దించు, ఆపు అని చెప్పేవాడే బ్యాంక్స్‌మన్. అతని కళ్ళే ఆపరేటరుకు కళ్ళు. రెండు టన్నుల ఇనుము మా నెత్తి మీదుగా పోతుంటే మేము తలెత్తి కూడా చూసేవాళ్ళం కాదు. అతను పొమ్మన్నాడు, పోతోంది, అంతే. అతని మాట మీద తలకాయలు పెట్టిన మనుషులమే, పేపరు వార్త దగ్గరికి వచ్చేసరికి అతని మాట నమ్మలేదు.

అతనికి కావలసింది ఒకటే. కిందినుంచి పైకి పోవాలి. ఎవరో ఒకరి క్రేన్‌కు దారి చూపిస్తూ పదిహేనేళ్ళు గడిపాడు. పైన కూర్చునే సీటు కావాలి. మా ఆపరేటరు ఫిలిప్పీన్స్‌వాడు, రాబోయే వేసవిలో ఇంటికి పోతున్నాడు. అతని చోటుకు సైటునుంచే ఒకణ్ని పరీక్షకు పంపిస్తామని ఇంజనీరు చెప్పి ఉన్నాడు. ఆ కబురు విన్న రోజునుంచి కెన్యా మనిషి మధ్యాహ్నం తిండి మానేసి, క్రేన్ నిచ్చెన దగ్గర నిలబడి, పైకి చూస్తూ అరటిపండు తినేవాడు.

ఇలా ఉండగా, డిసెంబరులో ఒకనాడు, అమెరికావాళ్ళ అంతరిక్ష నౌకలో మన అమ్మాయి పైకి పోయింది. మన అమ్మాయి అంటే తండ్రి గుజరాతీ, తల్లి మూలాలు యూరప్‌వి, పుట్టింది అమెరికాలో. ఆ వివరాలు నాకు తెలుసు. మెస్‌లో అన్నీ చెప్పలేదు. పేపర్లో సిబ్బంది ఏడుగురూ నారింజ రంగు సూట్లలో నిలబడ్డ రంగుల ఫోటో పడింది. దాన్ని నోటీసు బోర్డుకు పెడదామని కత్తెర తీశాను. మిగతా ఆరుగురితో మనకేం పని. ఆమె చుట్టూ జాగ్రత్తగా కోశాను. అయినా ఆమె భుజానికి అంటుకుని పక్కవాళ్ళ మోచెయ్యి ఒకటి మిగిలిపోయింది. అదీ కోస్తే ఆమె భుజం పోతుంది. అందుకని వదిలేశాను. మధ్యలో చిల్లుపడ్డ పేపరును మడిచి సొరుగులో పడేశాను.

శుక్రవారం వంటాయన సమోసాలు చేశాడు. ఆమె వినాయకుడి బొమ్మతోపాటు సమోసాలు కూడా పైకి తీసుకుపోయిందని నేనే ప్రచారం చేశాను. అది నిజమే. నా నోట అప్పుడప్పుడు నిజాలు కూడా వచ్చేవి.

"గీ పిల్ల మనదేనా?" అన్నాడు సిరిసిల్ల మేస్త్రీ. మాకందరికీ పెద్ద, అందరం కాక అనేవాళ్ళం.

"మనదే కాక. నాయిన గుజరాత్" అన్నాను.

"గుజరాత్ మనకేడ మనదిర?"

"పైకెల్లి జూస్తే గుజరాత్, సిరిసిల్ల ఒక్కటే కాక."

"అరె నక్కో మియా" అన్నాడు పాతబస్తీ ఎలక్ట్రీషియన్. అతనికి తెలుగు, దక్కనీ రెండూ ఒకే నోట్లో ఉడికేవి. "అమ్మ వేరే దేశం అంట. సగమే మనది."

"సగం చాలు" అన్నాడు కాక, రెండో సమోసా తీసుకుంటూ.

కెన్యావాళ్ళు క్యాంపులో నలుగురే గనుక వాళ్ళకు వేరే మెస్ లేదు. మాతోనే తినేవాళ్ళు. అతను సమోసా వాసనకు వచ్చాడు. మా ఊళ్ళోనూ ఇవి చేస్తారు, ఇంతకంటే బాగా చేస్తారు అని వంటాయనకు చెప్పి, తింటూ నోటీసు బోర్డు దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. అతను మాట్లాడేది క్యాంప్ హిందీ. అర్థమయ్యేట్టు తెలుగులో రాస్తున్నాను.

"టైమ్ కీపర్ భాయ్, ఈ మోచెయ్యి ఎవరిది?"

మెస్ అంతా అటు చూసింది. 

"ఇది మా అక్కది" అన్నాడు. "ఈ బండిలో మావాళ్ళు ఇద్దరున్నారు. ఒక అక్క, ఒక తమ్ముడు. నల్లవాళ్ళు. రేడియోలో విన్నాను. ఫోటోలో వాళ్ళెక్కడ?"

"ఏమంటుండు?" అన్నాడు కాక. చెప్పాను.

"కెన్యావోళ్ళా?"

"కాదు, అమెరికావోళ్ళు" అన్నాను.

"అమెరికావోళ్ళు ఈనకేం చుట్టం?"

ఎలక్ట్రీషియన్ అదే మాట హిందీలో అడిగాడు. కెన్యా మనిషి బోర్డు మీది బొమ్మను వేలితో తట్టి, "ఈ అమ్మాయి మీకు ఏం చుట్టమో, వాళ్ళు నాకు అదే చుట్టం" అన్నాడు.

కాక మూడో సమోసా అందుకున్నాడు. అక్కడితో అతను ఆగిపోయి ఉంటే బతికిపోయేవాడు. కాని అతనికి అసలు సంతోషం వేరే ఉంది. దాన్ని లోపల పెట్టుకోలేకపోయాడు.

"పైన క్రేన్ ఉంది, తెలుసా? ఆ అక్క క్రేన్ ఆపరేటరు. మొన్న కారంత ముక్కను ఎత్తి స్టేషనుకు బిగించింది. లోపల కూర్చుంటే ఆమెకు అంతా కనబడదు. బయట తేలుతూ ఆ తమ్ముడు, ఇంకొకాయన కలిసి చెప్పారు, ఇంకా ఇంత ఉంది, ఇంకా ఇంత ఉంది అని. బ్యాంక్స్‌మన్ పని. మా పని. ఆపరేటరు మా మనిషే, బ్యాంక్స్‌మన్ మా మనిషే."

నేను కాకకు తర్జుమా చేసేలోపే ఎలక్ట్రీషియన్ పగలబడ్డాడు. తర్వాత కాక. తర్వాత అంతా.

"మొగులు మీద క్రేనా? స్లాబు ఎప్పుడేస్తున్నరట?"

"సిమెంటు ఎవలు మోస్తున్నరు?"

"ఆ బయట తేలేటోడు నువ్వే గద బై. గందుకే మొన్న కింద కనవడలే."

కాక నా వైపు తిరిగి, "టైమ్ కీపరూ, మొన్న ఈన డ్యూటీల ఉన్నడా?" అన్నాడు.

జనం నా కోసం ఆగారు. అలాంటి క్షణం కోసమే నేను బతికేవాణ్ని. "రిజిస్టర్ల సంతకమైతే ఉన్నది కాక. మనిషి యాడున్నడో నాకెర్కలేదు" అన్నాను.

ఆ నవ్వుకు పక్క మెస్ నుంచి నేపాలీలు వచ్చి చూశారు.

కెన్యా మనిషి కూడా కొంచెం నవ్వాడు, మర్యాదకు. తర్వాత నాతో, "భాయ్, నువ్వు పేపరు చదివే మనిషివి. నువ్వు చెప్పు" అన్నాడు. నలభైమంది నా మొహం చూస్తున్నారు. అతను చెప్పినదంతా ఆ ఫోటో కింద వార్తలో ఉంది. ఆ అక్క, ఆ తమ్ముడు, పైన ఉన్న యంత్రపు చెయ్యి, అన్నీ. నేను రెండుసార్లు చదివాను.

"పేపర్లో మన పిల్ల గురించే ఉన్నది" అన్నాను. ఒకసారి తెలుగులో, ఒకసారి హిందీలో.

ఎందుకలా అన్నానని చాలాసార్లు ఆలోచించాను. నిజం ఒప్పుకుంటే చిల్లు పేపరు బయటికి తీయాలి, మిగతా ఆరుగురినీ ఎందుకు కోశావని ఎవడైనా అడుగుతాడు. అదొకటి. నవ్వు రుచి మరిగినవాడు నవ్వును చెడగొట్టుకోడు. అదొకటి. మూడోది రాయడానికి సిగ్గుగా ఉంది. మా క్యాంపులో సగంమంది అతనంత నల్లగానే ఉండేవాళ్ళం. ఎండాకాలం వచ్చేసరికి నాకూ అతనికీ మధ్య ఉండిన ఆ ఒక్క చాయ తేడా కూడా కరిగిపోయేది. అయినా అతన్ని కాలా అనేవాళ్ళం. బయట మాల్ దగ్గర, బ్యాంకు వరసలో, మమ్మల్ని చూసే చూపు ఒకటుండేది. ఆ చూపును మోసుకొచ్చి అతని మీద దించేవాళ్ళం. పొద్దంతా పైకి చూసేవాడికి, కిందికి చూడ్డానికి ఒకడు దొరికితే మెడనొప్పి తగ్గుతుంది.

మర్నాడు పొద్దున అతను నా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో చిన్న నోటుబుక్కు, అట్ట ఊడిపోయింది. స్కూల్లో ఉండగా మొదలుపెట్టాడట. అందులో పేర్లు. అంతరిక్షానికి పోయిన నల్లవాళ్ళ పేర్లు, ఒక్కోటి ఒక్కో రంగు సిరాతో. కూర్చోమనలేదు, అయినా నిలబడే చెప్పాడు. అందరికంటే ముందు శిక్షణకు ఎంపికైన పైలట్ ఒకడు, పైకి పోకముందే విమానం కూలి చచ్చిపోయాడు. అందరికంటే ముందు నిజంగా పోయినవాడు అమెరికావాడు కాదు, క్యూబావాడు, రష్యావాళ్ళ బండిలో పోయాడు. తర్వాత మూడేళ్ళకు అమెరికా మనిషి. ఆ వార్త వచ్చినరోజు మొంబాసాలో వాళ్ళ మాస్టారు లెక్కల క్లాసు ఆపేసి, నల్లబల్ల మీద రాకెట్ బొమ్మ వేశాడట. ఇంకొకాయన పైకి సాక్సఫోన్ పట్టుకుపోయి ఊదాడు. రెండోసారి పోయినప్పుడు బండి గాల్లోనే పేలి, మిగతా ఆరుగురితోపాటు పోయాడు. తర్వాత ఒక డాక్టరమ్మ. చివర కొత్త సిరాతో, ఈ అక్క, ఈ తమ్ముడు.

"ఆ పేపరు ఇవ్వు భాయ్. మా గదిలో గోడకు పెట్టుకుంటాను."

"పారేశాను" అన్నాను.

మా ఇద్దరి మధ్య టేబుల్ ఉంది. టేబుల్‌కు సొరుగు ఉంది. సొరుగు తాళంచెవి నా మెడలో వేలాడుతోంది. అతను "సరే" అని నోటుబుక్కు చొక్కా జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయాడు. ఆ చర్చవల్ల అతనికి ఏడు నిమిషాలు ఆలస్యమైంది. చుక్క పెట్టలేదు. దాన్ని నేను ఆ రోజుల్లో దయ అనుకున్నాను.

రాకెట్ అనే పేరు ఆ వారంలోనే స్థిరపడింది. ముందు మెస్‌లో, తర్వాత బస్సులో, తర్వాత వాకీటాకీలో. "రాకెట్, ఇనుము వస్తోంది." "రాకెట్, ఎంతుంది కింద?" బ్యాంక్స్‌మన్ పిలుపుకు పలకకపోతే పైన ఆపరేటరు బరువును గాల్లోనే ఆపేయాలి. అది పద్ధతి. గాల్లో ఆగిన బరువు కింద మనుషులుంటారు. అందుకని అతను పలికాడు. "రాకెట్ వింటోంది. నాలుగు మీటర్లు. మూడు. రెండు. నెమ్మది." రోజంతా అలా, రెండేళ్ళు. ఆ పేరుకు పలికాడని సావనీరులో రాసి నవ్వించాను. ఎందుకు పలకాల్సి వచ్చిందో రాయలేదు.

మార్చిలో ఇంజనీరు నన్ను పిలిచాడు. క్రేన్ పరీక్షకు ఇద్దరి పేర్లు అతని ముందున్నాయి. ఒకటి కెన్యా మనిషిది. రెండోది మా పక్క మండలం నుంచి వచ్చిన రిగ్గర్‌ది. అంటే బరువులకు తాళ్ళు, గొలుసులు కట్టేవాడు. మంచివాడే, కానీ అనుభవం నాలుగేళ్ళు.

"ఈ ఆఫ్రికా మనిషి హాజరు బాగుంది" అన్నాడు ఇంజనీరు ఇంగ్లీషులో. "కానీ కథలు చెప్తాడని విన్నాను. పైన కూర్చునేవాడి మాట ఖాయంగా ఉండాలి. ఎలాంటివాడు?"

అతని మాట ఖాయమని రుజువు చేసే కాగితం నా సొరుగులో ఉంది. నడిచి తేవడానికి పట్టేది రెండు నిమిషాలు. చెప్పడానికి అంత కూడా పట్టదు.

"అందరూ అతన్ని రాకెట్ అంటారు సార్" అన్నాను.

ఇంజనీరు నవ్వి రెండో పేరు పక్కన టిక్ పెట్టాడు. నేను అబద్ధం ఆడలేదు. అందరూ అతన్ని రాకెట్ అనే మాట వాస్తవం. ఆ వాస్తవాన్ని తయారుచేసింది నేను కావడం ఒక్కటే చిక్కు.

మా పక్క మండలంవాడు పైకి ఎక్కాడు. కెన్యా మనిషి కింద నిలబడి అతనికి కూడా కళ్ళు అయ్యాడు. మొదటి నెల ఆ కొత్తవాడు బరువు దించడానికి తటపటాయిస్తుంటే, "భయపడకు తమ్ముడూ, నేను చూస్తున్నాను, ఇంకో మీటరు" అని అతను వాకీటాకీలో చెప్పడం నేను విన్నాను. కాంట్రాక్టు అయిపోగానే వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు నా దగ్గర రిజిస్టరులో ఆఖరి సంతకం పెట్టి, చెయ్యి కలిపి, "పేపరు మంచిగా చదువు భాయ్" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని బస్సు పోయేదాకా వెతికాను. దొరకలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఏళ్ళు గడిచాయి. చమురు ధర పడింది, లేచింది, మళ్ళీ పడింది. నేను టైమ్ కీపర్ నుంచి క్యాంపు ఇన్‌ఛార్జిని అయ్యాను. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. క్యాంపును దోహాకు దక్షిణాన ఉన్న బిర్కత్ అల్ అవామిర్‌కు మార్చినప్పుడు నా పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే, అడుగున పరిచిన కాగితాల్లో ఆ చిల్లు పేపరు దొరికింది. ఆరుగురు మనుషులు, మధ్యలో అమ్మాయి ఆకారంలో ఖాళీ. చిల్లు పక్కన ఒక మనిషికి మోచెయ్యి లేదు. కింద పేర్ల వరస చూశాను. ఆ మోచెయ్యి ఆ అక్కది కాదు. ఆమె చేతులు రెండూ ఆమెకున్నాయి, ఆ చివర నిలబడి చక్కగా నవ్వుతోంది. మోచెయ్యి పోగొట్టుకున్నవాడు స్వీడన్ మనిషి, పొడుగాటి తెల్లవాడు, ఆ దేశం నుంచి పైకి పోయిన మొట్టమొదటివాడు. పాపం అతనికి కూడా నేను అన్యాయమే చేశాను, కానీ ఒక ముక్కలో ఒక క్షమాపణ చాలు.

ఆ తర్వాత ఆ మనిషి కోసం వెతికానని రాస్తే బాగుంటుంది. వెతకలేదు. పేపరును ప్లాస్టిక్ కవరులో పెట్టాను, అంతే. అతనే ఎదురయ్యాడు.

కొత్తగా వచ్చిన హెల్పర్లను, అందరూ నిజామాబాద్, జగిత్యాల వైపువాళ్ళు, పద్దెనిమిదిమందిని మూడు రోజుల శిక్షణకు ఒక యార్డుకు తీసుకుపోవాల్సి వచ్చింది. బరువుల కింద ఎలా నిలబడకూడదో నేర్పే చోటు అది. చెప్పేది హిందీలో ఉంటుంది, నేను తెలుగు చేయాలి. బోర్డు ముందు నిలబడ్డ శిక్షకుడు గడ్డం నెరిసిన కెన్యా మనిషి. నన్ను చూసి, "టైమ్ కీపర్ భాయ్, లావయ్యావు" అన్నాడు. నా నోటికి అతని పేరు రాలేదు. రెండేళ్ళు రోజూ రిజిస్టరులో రాసిన పేరు. నాలుక చివర రాకెట్ ఒక్కటే ఉంది. అతని మెడలోని కార్డు చూసి పేరు చదివాను.

మధ్యాహ్నం విరామంలో కరక్ చాయ్ తాగుతూ అతని సంగతి తెలుసుకున్నాను. మొంబాసా పోయి, సొంతంగా పరీక్ష రాసి, వేరే కంపెనీలో మళ్ళీ ఇక్కడికే వచ్చాడు. పన్నెండేళ్ళు పైన కూర్చున్నాడు. "సీటు దొరికింది భాయ్. కొంచెం ఆలస్యమైంది, ఆరేళ్ళు" అన్నాడు. నేను కప్పు కింద పెట్టాను.

"ఆ రోజు మెస్‌లో" అని మొదలుపెట్టాను.

"ఏ రోజు?"

"సమోసాల రోజు."

"ఆ. ఉప్పు ఎక్కువైంది."

"నువ్వు చెప్పింది నిజం. ఆ పేపరు నా దగ్గరే ఉండింది. ఇంకా ఉంది."

అతను కప్పులోకి ఊదాడు. కోపం రాలేదు. కోపం వస్తే నాకు సులువుగా ఉండేది.

"నాకెందుకు చెప్తున్నావు భాయ్? అది నిజమని నాకు అప్పుడే తెలుసు కదా. తెలియనిది వాళ్ళకు" అన్నాడు. "ఎంతమంది ఉన్నారు ఆ రోజు?"

"నలభైమంది."

"వాళ్ళెక్కడ ఇప్పుడు?"

కాక పోయాడు. ఎలక్ట్రీషియన్ ఇంటికి వెళ్ళి షాపు పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు చెల్లాచెదురు. చెప్పాను.

"సరే. నా క్లాసులో పద్దెనిమిదిమంది ఉన్నారు. అక్కడ చెప్పు. మిగతా ఇరవై ఇద్దరినీ నువ్వే వెతుక్కో."

ఆ ఇరవై ఇద్దరి కోసమే ఇది రాస్తున్నాను. ఇంజనీరు సంగతి మాత్రం ఆ చాయ్ దగ్గర చెప్పలేదు. అంత ధైర్యం కాగితపు కప్పులో పట్టదు.

మూడో రోజు పేపరు వెంట తీసుకుపోయాను. ఆఖరి పాఠం బ్యాంక్స్‌మన్ గురించి. అతను బోర్డు మీద క్రేన్ బొమ్మ వేసి, దాని కింద మనిషిని వేసి, ఒక్క మాట తేడా వస్తే ఏమవుతుందో చెప్పాడు. తర్వాత నా వైపు చూడకుండానే, బొమ్మకు పైన ఇంకొక బొమ్మ వేశాడు. గుండ్రటి భూమి, దాని మీద పొడుగాటి చెయ్యి. "ఇది అన్నిటికంటే ఎత్తున ఉన్న క్రేన్. మా అక్క ఒకామె నడిపింది. బయట మా తమ్ముడు బ్యాంక్స్‌మన్" అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత అదే సంతోషం, ఒక్క మిల్లీమీటరు తగ్గలేదు. నేను తెలుగు చేశాను.

వెనక వరసలో ఒకడు పక్కవాడితో, "గీ సారు మస్తు గప్పాలు కొడ్తుండు రా" అన్నాడు. వరస వరసంతా నవ్వింది.

"ఏమన్నాడు?" అని అతను నన్ను అడిగాడు.

ఏమీ లేదు అని చెప్పడం నాకు బాగా అలవాటు. లేచి ముందుకు పోయాను. కవరులోంచి చిల్లు పేపరు తీసి బోర్డుకు అంటించాను. ఆ అక్కను, ఆ తమ్ముణ్ని వేలితో చూపించాను. మధ్యలో ఖాళీ ఎవరిదో, ఎవరు కోశారో, మెస్‌లో ఏమడిగితే నేనేమన్నానో, సొరుగు ఎంత దూరంలో ఉందో, ఇంజనీరు ఏమడిగితే నేనేమన్నానో, అంతా తెలుగులో చెప్పాను. ఈసారి జోకులు కలపలేదు. ఎవరూ నవ్వలేదు. వెనక వరసవాడు తల దించుకున్నాడు.

తర్వాత అతని వైపు తిరిగి, ఇంజనీరు దగ్గరి మాట మొదటిసారి వింటున్న అతని మొహం చూస్తూ, అదే అంతా హిందీలో చెప్పాను. చివర్లో ఇలా అన్నాను: "భాయ్, నువ్వు చెప్పినదంతా నిజం, ఆ మోచెయ్యి ఒక్కటి తప్ప. అది స్వీడన్‌వాడిది. నలభైమంది ముందు నిజం మింగినందుకు, ఇంజనీరు ముందు నోరు తెరిచినందుకు, నీ ఆరేళ్ళు పోవడానికి కారణమైనందుకు, నన్ను క్షమించు."